కీర్తి మందిరంలో గానుగ రాయి

ఆ రోజు గుండు ఎత్తింది తనా, ఆంజనేయస్వామా అన్న అనుమానం చెంచయ్యని పాతికేళ్ళుగా వదల్లేదు.

వేములబండలో ఏటా హనుమజ్జయంతికి గుండెత్తే పోటీ పెడతారు. నేల మీదున్న గుండ్రాయిని మోకాళ్ళ మీదికి, అక్కణ్ణించి రొమ్ము మీదికి, రొమ్ము మీంచి భుజం మీదికి ఎత్తి వెనక్కి పడెయ్యాలి. ఆట అంతే. ఆ ఏడు తెచ్చిన గుండుని చుట్టుపక్కల ఊళ్ళ వస్తాదులందరూ తలా ఒకసారి కావలించుకుని, వదిలేసి, నడుం పట్టుకుని పక్కకి తప్పుకున్నారు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే చెంచయ్య చివర్న వచ్చాడు. "స్వామీ, నీదే భారం" అని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి గుండు భుజం మీదుంది. దూది మూటకున్నంత బరువు కూడా తెలియలేదు. వెనక్కి వదిలాక కాళ్ళ కింద నేల అదిరితే, అప్పుడు నమ్మాడు అది రాయేనని.

జనం అతన్ని ఊరంతా ఊరేగించారు. ఊరేగుతున్నంతసేపూ అతనికి ఒకటే ఆలోచన. బరువు నాకు తెలియలేదంటే మోసింది నేనేనా?

"ఎవరెత్తితే ఏంటయ్యా? కందిపోయింది నీ భుజమేగా" అని ఆ రాత్రి అతని భార్య వెంగమ్మ ఆముదం రాస్తూ అంది. ఆ మాటలో న్యాయం ఉంది కానీ జవాబు లేదు.

అనుమానంతో పాటు అతనికి ఒక బాకీ కూడా మిగిలింది. ఆ గుండు పోటీ వాళ్ళది కాదు. గానుగ రత్తయ్యది. ఎద్దు తిరుగుతుంటే గానుగ దూలం పైకి లేవకుండా అదిమి పెట్టే బరువు రాయి. మోకు జారిపోకుండా చుట్టూ గాడి తొలిపించి ఉంటుంది. పోటీకి సరైన గుండు దొరకలేదని నిర్వాహకులు తల పట్టుకుంటే, చెంచయ్యే వెళ్ళి అడిగాడు.

"సాయంత్రానికల్లా తెచ్చిస్తా రత్తయ్య మావా."

"ఇచ్చెయ్ రా. అది లేకపోతే దూలం కోడెదూడలా ఎగురుద్ది" అన్నాడు రత్తయ్య.

సాయంత్రం ఊరేగింపులో గడిచిపోయింది. మర్నాడు వెళ్తే నిర్వాహకులు గుండు ఇవ్వలేదు. ఇంత మందిని ఓడించిన గుండు వచ్చే ఏడు కూడా కావాలన్నారు. వచ్చే ఏడు, ఆ పై ఏడు, అలా ఉండిపోయింది. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఈలోగా మిల్లు నూనె వచ్చి గానుగ మూతపడింది కాబట్టి రత్తయ్య కూడా గట్టిగా అడగలేదు. బజార్లో కనిపించినప్పుడల్లా మాత్రం నవ్వుతూ అనేవాడు: "ఏం చెంచయ్యా, సాయంత్రం కాలేదా ఇంకా?"

అలా అంటూ అంటూనే ఆయన కాలం చేశాడు.

ఇప్పుడు రోజులు మారాయి. మిల్లు నూనె మంచిది కాదని డాక్టర్లు చెప్పడం మొదలెట్టాక, కార్లున్న వాళ్ళందరికీ గానుగ నూనె మీద ప్రేమ పుట్టింది. రత్తయ్య కోడలు మస్తానమ్మ గానుగ దులిపి, కడిగి, ఒక ఎద్దుని కూడా కొంది. హనుమజ్జయంతి నాడు మొదలుపెట్టి మొదటి నూనె స్వామి దీపానికి ఇస్తానని మొక్కుకుంది. రాయి దగ్గరే చిక్కొచ్చింది. వేరే రాళ్ళు కట్టి చూసింది. గాడి లేని రాయి మోకులోంచి జారుతుంది. ఒకటి జారి ఎద్దు కాలి మీద పడబోయింది.

"బాబాయ్, నిన్నేం అనను. మా రాయి మాకు తెచ్చిపెట్టు, చాలు" అంది చెంచయ్యతో.

"తెస్తానమ్మాయ్" అన్నాడు చెంచయ్య. అని పోటీ పెట్టే సంఘం దగ్గరికి బయల్దేరాడు.

సంఘం కూడా మారింది. దాని పేరిప్పుడు అఖిల శిలోత్తోలన క్రీడా సమితి. ఆ పేరు నోరు తిరక్క పాత వస్తాదులు ఒక్కొక్కరే దానికి దూరమయ్యారు. నోరు తిరిగినవాళ్ళు కార్యవర్గంలో చేరారు. అధ్యక్షుడు పానకాలరావు గారికి సిమెంటు వ్యాపారం ఉంది. తన కొట్లో బస్తా ఏ వైపు బరువుంటుందో ఆయన ఎరగరు. అందులో ప్రమాణాల ఉపసంఘానికి ఆచార్య చిదంబరం గారు పెద్ద. కాలేజీలో వాణిజ్యశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో మంచినీళ్ళ బిందె దించాల్సి వస్తే పక్కింటి వాళ్ళని పిలుస్తారు.

గుండెత్తే ఆటకి ఒక కీర్తి మందిరం కట్టాలని వీళ్ళకి తోచింది. ప్రభుత్వం స్థలమిచ్చింది, పాలరాతి గచ్చు పడింది, చల్లటి మిషన్లు బిగించారు. నడుమెత్తు దిమ్మెలు వరసగా కట్టారు. గోడలకి బోలెడన్ని మేకులు కొట్టారు. ఇక ఆ మేకులకి ఎవరి పటాలు తగిలించాలన్నదే మిగిలింది. అక్కడే చిదంబరం గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మందిరం ఔన్నత్యం ప్రవేశించినవారి వల్ల కాదు, ప్రవేశం నిరాకరింపబడినవారి వల్ల నిర్ణయింపబడుతుంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

జీవితంలో ఒక్కసారైనా ఓడినవాడు అనర్హుడన్నది మొదటి నియమం. దాంతో చాలా మంది పోయారు. ఓడినవాళ్ళ మీద గెలవడం గొప్పేమీ కాదు గనక అలా గెలిచినవాళ్ళు కూడా అనర్హులన్నది రెండోది. దాంతో గెలిచినవాళ్ళు పోయారు. బతికున్నవాడు రేపు ఓడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి బతికున్నవాళ్ళని ఆపారు. చనిపోయినవాళ్ళు ఇంటర్వ్యూకి రావాలన్నారు. ఆ చుట్టుపక్కల ఏసోబుని మించి గుండెత్తినవాడు లేడని ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయనకీ నోటీసు పంపారు. రాకపోతే మళ్ళీ పంపారు. అప్పటికీ రాకపోయేసరికి, సమితి పట్ల నిర్లక్ష్యం చూపినందుకు శాశ్వతంగా తొలగించారు.

చెంచయ్య వెళ్ళేసరికి మందిరంలో మేకులు తప్ప ఏమీ లేవు. గానుగ రాయి మాత్రం ఒక మూల గోనెపట్టా మీద ఉంది.

"అయ్యా, అది రత్తయ్య గానుగది. ఇప్పిస్తే తీసుకెళ్తాను" అన్నాడు.

పానకాలరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఆ శిల మీ విజయానికి సంబంధించిన భౌతిక సాక్ష్యం. మీ అర్హత పరిశీలనలో ఉంది. అది తేలేదాకా సాక్ష్యాన్ని కదల్చరాదు."

"నాకు అర్హత అక్కర్లేదండీ. రాయి ఇస్తే చాలు."

"అర్హత వద్దనడానికి కూడా అర్హత నిర్ధారణ కావాలి" అన్నారు చిదంబరం గారు.

తేలితేనే రాయి వస్తుందంటే చెంచయ్య ఇంటర్వ్యూకి ఒప్పుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. పొడుగాటి బల్లకి అటువైపు కార్యవర్గం మొత్తం కూర్చుంది. ఇటువైపు కుర్చీ లేదు. వస్తాదులకి నిలబడే ఓపిక ఉండాలి కదా అన్నారు.

"గుండు భుజానికి చేరిన క్షణంలో మీరేం చూశారు?" అన్నారు చిదంబరం గారు.

"కళ్ళు మూసుకున్నానండి."

"అంటే ప్రత్యక్ష సాక్షి కారు. భారం ఏ మేరకు అనిపించింది?"

అది ఇన్నేళ్ళుగా చెంచయ్య తప్ప ఎవరూ అడగని ప్రశ్న. చదువుకున్నవాళ్ళు, వీళ్ళైనా తేలుస్తారేమో అనిపించింది.

"అదేనండీ నాకూ అంతుపట్టంది. అసలు బరువు తెలియలేదు. నేనెత్తానో, స్వామే ఎత్తాడో ఇప్పటికీ చెప్పలేను. మీలాంటి పెద్దలు ఆలోచించి చెప్తే..."

బల్ల అటువైపు పెన్నులన్నీ ఒక్కసారి కదిలాయి.

"ఏ స్వామి?"

"ఆంజనేయస్వామండి."

"వారు సమితిలో నమోదైన క్రీడాకారులా?"

"సంజీవి కొండనే ఎత్తాడు కదండీ" అన్నాడు చెంచయ్య అమాయకంగా.

చిదంబరం గారు జాలిగా నవ్వారు. "తీసుకురమ్మన్నది మొక్కని. ఎత్తింది కొండని. మన నియమావళి ప్రకారం అది ఫౌలు. వారి విషయం అలా ఉంచండి. మీరు బయటి సహాయం పొందినట్టు మీ నోటితోనే ఒప్పుకున్నారు."

"దేవుడు బయటివాడెలా అవుతాడండీ?"

"లోపలివారని చూపే గుర్తింపు కార్డు ఏదైనా ఉందా?" అన్నారు పానకాలరావు గారు.

అనుమతి లేని దైవ సహాయం కింద చెంచయ్య గెలుపు రద్దయింది. పాతికేళ్ళ అనుమానానికి ఇలా జవాబు దొరుకుతుందని అతను అనుకోలేదు. అయినా బాధపడలేదు. స్వామి కూడా తనతో పాటే తీసేయబడ్డాడు కాబట్టి మంచి సావాసమే అనుకున్నాడు.

"తేలింది కదండీ, ఇక రాయి ఇప్పించండి" అన్నాడు.

చిదంబరం గారు మూలనున్న గుండు వైపు చూస్తున్నారు. ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది.

"అధ్యక్షా! చెంచయ్య ఎత్తడం చెల్లదు కాబట్టి ఈ గుండుని ఇంతవరకూ ఎవరూ ఎత్తనట్టే. అంటే ఇది ఎన్నడూ ఓడిపోలేదు!"

బల్ల చుట్టూ గుసగుసలు లేచాయి.

"పిలిచిన ప్రతి పోటీకీ వచ్చింది. ఎవరితోనూ గొడవపడలేదు. ఉత్ప్రేరకాలు వాడిన ఆరోపణ లేదు. ఇన్నేళ్ళలో తన గురించి ఒక్క మాట గొప్పగా చెప్పుకోలేదు."

"బతికున్నవాళ్ళ నియమం?" అన్నారొకరు.

"బతికి లేదు."

"చనిపోయినవాళ్ళ నియమం?"

"చనిపోనూ లేదు. పైగా ఇంటర్వ్యూకి హాజరై ఇక్కడే ఉంది."

అప్పటికప్పుడే ఇంటర్వ్యూ చేశారు. గుండు ఏ ప్రశ్నకీ జవాబివ్వలేదు. అది వినయంగా నమోదైంది. చెంచయ్య గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు. కీర్తి మందిరంలో మొట్టమొదటి సభ్యత్వం గానుగ రాయికి ఏకగ్రీవంగా రావడం కళ్ళారా చూశాడు.

ఆ సంగతి విని మస్తానమ్మ తనే బయల్దేరి వచ్చింది. అప్పటికే క్రేను తెప్పించి గుండుని నడిమి దిమ్మె మీద పెట్టారు. క్రేనుతో లేపడం ఎత్తడం కిందికి రాదనీ, అది స్థలమార్పిడి అనీ ముందే తీర్మానం చేసుకున్నారు.

"మా రాయి మాకివ్వండి" అంది.

"రాయి అనకూడదమ్మా. శిలారత్న గారు అనాలి" అన్నారు పానకాలరావు గారు.

"మీ శిలారత్నకి మా గానుగ జిడ్డు పట్టి ఉండేదే, తోమించారా?"

"తోమించాం. సన్మానానికి ముందు నలుగు కూడా పెట్టిస్తాం."

"నలుగుకి నూనె కావాలిగా. ఆ రాయి ఇస్తేనేగా నేను నూనె తీసేది."

ఈ తర్కం చిదంబరం గారికి నచ్చలేదు. "చూడమ్మా, కీర్తి మందిర సభ్యుడు గానుగలో కూలి పని చేస్తే మందిరం పరువేం కావాలి?"

"పని చేసేవాళ్ళకి పరువు లేదని మీ మందిరంలో రాసుకున్నారా బాబూ?" అంది మస్తానమ్మ. ఆవిడ చెంచయ్య వైపు తిరిగింది. "హనుమజ్జయంతి వస్తోంది బాబాయ్. స్వామికి ఏం చెప్పుకోను?"

చెంచయ్య తల వంచుకున్నాడు. వంచుకున్న తలతోనే దిమ్మె మీద కొత్తగా రాయించిన నియమం చదివాడు. "సభ్యశిలను ఎవరైనా ఎత్తినట్లు సమితి గుర్తించిన మరుక్షణం దాని సభ్యత్వం రద్దగును." దాని కింద ఇంకొకటి. లోపల కనీసం ఒక్క సభ్యుడైనా లేకపోతే భవనాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుని కళ్యాణమండపం చేస్తుందట. అతను రెండూ ఇంకోసారి చదివాడు. చదువు తక్కువే గానీ, తాపీగా చదివితే అతనికి అర్థం కానిది లేదు.

"ఎడ్లబండి ఉందా అమ్మాయ్?" అన్నాడు బయటికి వచ్చాక.

"ఎద్దుంది. బండి మా అన్నది తెస్తాను. ఎందుకు?"

"హనుమజ్జయంతి రోజు మధ్యాహ్నం మందిరం వసారాకి ఆనించి పెట్టు."

హనుమజ్జయంతి నాడే ప్రారంభోత్సవం. మంత్రిగారు వచ్చారు. గుండుకి పట్టుశాలువా కప్పారు, గజమాల వేశారు. చిదంబరం గారు సన్మానపత్రం చదివారు. "హే శిలారత్నమా! నిన్ను కదల్చగల నరుడు పుట్టలేదు, పుట్టబోడు" అన్న మాటని రెండుసార్లు చదివారు. గుండెత్తే వస్తాదులెవరికీ పిలుపు వెళ్ళలేదు. ప్రమాణాలు చూసి వాళ్ళు నొచ్చుకుంటారని మానేశారు.

చెంచయ్య పిలవకుండానే వచ్చాడు. పొద్దున గుడికెళ్ళి ప్రదక్షిణం చేసి వచ్చాడు. చప్పట్లు ఆగగానే దిమ్మె దగ్గరికి నడిచాడు. దండ తీసి పక్కన పెట్టాడు. శాలువా తీసి, పట్టుబట్ట నలగకూడదని మడిచి, పానకాలరావు గారి చేతికి ఇచ్చాడు. ఆయన అలవాటు కొద్దీ పుచ్చుకున్నారు.

"స్వామీ, ఈసారి నువ్వు ఊరికే చూస్తూ ఉండు. మాటిచ్చింది నేను" అన్నాడు చెంచయ్య. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

గుండుని కావలించుకుని రొమ్ముకి అదుముకున్నాడు. అమ్మో, బరువు! నడుం కలుక్కుమంది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. పాతికేళ్ళ కిందట తెలియని బరువంతా వడ్డీతో సహా ఇప్పుడు తెలిసింది. గుండు దిమ్మెని వదిలింది. అతను ఒక అడుగు వేశాడు. ఇంకోటి వేశాడు.

పానకాలరావు గారు నోరు తెరిచారు. చిదంబరం గారు ఆయన మోచెయ్యి గిల్లారు.

"అధ్యక్షా, అరవకండి! వాడు ఎత్తుతున్నాడని మీరంటే సమితి గుర్తించినట్టే. గుర్తిస్తే సభ్యత్వం పోతుంది. సభ్యత్వం పోతే భవనం పోతుంది."

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"పైకి చూడండి."

అధ్యక్షుడు తల పైకెత్తి కప్పుని చూశారు. చిదంబరం గారు చూశారు. కార్యవర్గమంతా మెడలు వెనక్కి వాల్చి కప్పునే చూస్తూ నిలబడింది. వీళ్ళందరూ ఏం చూస్తున్నారో తెలియక మంత్రిగారు కూడా తలెత్తారు.

"ఏంటండీ అక్కడ?"

"కప్పు పనితనమండి. మనవాళ్ళే చేశారు" అన్నారు పానకాలరావు గారు.

"బావుంది" అన్నారు మంత్రిగారు. ఆయన చూస్తున్నారు కాబట్టి పోలీసులు కూడా పైకే చూశారు.

ఆ నిశ్శబ్దంలో చెంచయ్య రొప్పు ఒక్కటే వినిపించింది. పాలరాతి గచ్చు మీద అతని చెప్పుల్లేని కాళ్ళ అడుగులు గుమ్మం దాకా వెళ్ళాయి. దారిలో అడ్డంగా నిలబడిన కోశాధికారి పైకి చూస్తూనే, మర్యాదగా పక్కకి తప్పుకున్నాడు. వసారా అంచున బండి ఆనించి ఉంది. గడ్డి పరిచి ఉంది. గుండు దాని మీద కూర్చునేసరికి ఇరుసు కిర్రుమంది. అది అందరికీ వినపడింది. ఎవరూ గుర్తించలేదు.

బండి సందు మలుపు తిరిగాక మెడలు దిగాయి. చిదంబరం గారు ఖాళీ దిమ్మెకి శాలువా కప్పి, గజమాల మళ్ళీ వేశారు. శిలారత్న గారు యథాస్థానంలోనే ఉన్నట్టు అక్కడికక్కడే తీర్మానం చేశారు. మంత్రిగారు దానికి నమస్కారం పెట్టి ఫొటో దిగారు. ఆ శాలువా కప్పిన దిమ్మెని ఇప్పటికీ టిక్కెట్టు కొని చూసి రావచ్చు. అక్కడేమీ లేదేమిటని ఎవరైనా అడిగితే, ప్రమాణాలు అంత ఎత్తుకి వెళ్ళాయని చెబుతారు.

బండి వెనకాల చెంచయ్య నడుం పట్టుకుని నడిచాడు. వెంగమ్మ గానుగ దగ్గరే కాచుకుని ఉంది. మొగుడి నడక చూడగానే సంగతి అర్థమైంది.

"ఈసారి ఎవరెత్తారయ్యా?"

"నేనేనే. అడగక్కర్లేదు, నడుం చెబుతోంది."

"మరప్పుడు?"

"అప్పుడు స్వామే. ఇప్పుడు తెలిసింది తేడా" అన్నాడు. అని బండి గానుగకి ఆనించమన్నాడు.

ముగ్గురూ కలిసి గుండుని దూలం మీదికి జరిపారు. చెంచయ్య మోకు తీసుకుని గాడిలో తిప్పి బిగించాడు. ఇన్నేళ్ళైనా గాడి చెక్కుచెదరలేదు. మస్తానమ్మ ఎద్దుని అదిలించింది. దూలం ఎగరలేదు. రోట్లో నువ్వులు నలిగి, తూము చివర ఒక బొట్టు కూడి, కూడి, జారింది. ఆవిడ ఇత్తడి ప్రమిద పట్టింది. స్వామి దీపానికి సరిపడా నూనె అందులో చేరడానికి కొంతసేపు పట్టింది.

"మా మామ ఉంటే ఎంత సంబరపడేవాడో" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

రత్తయ్య కూర్చునే చెక్కపీట గోడ వారన అలాగే ఉంది. పడమటి పొద్దు దాని మీద వాలి ఉంది. చెంచయ్య నడుం మీద చెయ్యి తియ్యకుండా ఆ పీట ముందు నిలబడ్డాడు.

"సాయంత్రమైంది మావా" అన్నాడు. "తెచ్చా."